ఫిరంగిలో మన మండలం వాటా

ఆయుధాలు దేశ రక్షణ కోసమే కొంటారని నమ్మే అమాయకులు ఇంకా ఉన్నారు. వాళ్ళకు విజయనగరం జిల్లా వాళ్ళమే బోధించాలి. ఈ విద్యలో మనది 1757 నాటి సీనియారిటీ. బొబ్బిలి వారంటే పడని విజయనగరం రాజావారు ఫ్రెంచి బుస్సీ దొరని, ఆయన ఫిరంగుల్ని వెంటబెట్టుకొచ్చారు. టెండరు లేదు, ట్రయల్స్ లేవు. పక్క ఊరి మీద కడుపుమంటే అర్హత. కోట కూలింది. కొద్ది రోజులకే తాండ్ర పాపారాయుడు గుడారంలో దూరి రాజావారిని పొడిచేశాడు. వారంటీలో ఆ క్లాజు లేదు కాబోలు.

ఢిల్లీ వారు ఆలస్యంగా నేర్చుకున్నారు. 1986లో 410 బోఫోర్స్ శతఘ్నులకు ఒప్పందం చేసుకున్నారు. మరుసటి ఏడాది ముడుపుల కథ బయటపడింది, 1989 ఎన్నికల్లో ప్రభుత్వమే పోయింది. కార్గిల్‌లో అవే శతఘ్నులు భేషుగ్గా పేలాయి, అది వేరే విషయం. కానీ ఆ ఒప్పందం తర్వాత సైన్యానికి మళ్ళీ కొత్త విదేశీ శతఘ్ని రావడానికి 2017 దాకా పట్టింది. సంతకం పెట్టాల్సిన అధికారికి శత్రువు కన్నా రేపటి ప్రతిపక్షమంటేనే టెన్షన్ మరి. రఫేల్ సంగతీ అంతే. 126 విమానాలకని 2007లో పిలిచిన టెండరు, 2016లో 36 దగ్గర ఆగింది. 2019 ఎన్నికల్లో మాత్రం ఊరూరా ఎగిరింది.

తెలివంటే అమెరికా వాళ్ళది. ఎఫ్-35 యుద్ధ విమానం విడిభాగాల పని నలభైకి పైగా రాష్ట్రాలకు పంచారు. ఇక దాన్ని ఆపమని ఓటేసే సభ్యుడెవడు? 2012లో సైన్యాధిపతే కొత్త అబ్రామ్స్ ట్యాంకులు ఇప్పుడొద్దన్నా, కాంగ్రెస్, అంటే వాళ్ళ పార్లమెంటు, బతిమాలి మరీ డబ్బిచ్చింది. ఆ ట్యాంకుల ఫ్యాక్టరీ ఉన్నది ఒహాయో రాష్ట్రంలో. అక్కడ ఓట్లు ఎటు ఒరుగుతాయో ముందే చెప్పలేని రోజులవి.

కనుక ఉత్తరాంధ్ర తరఫున నా వినతి: ఒక ఫిరంగిని మనకూ పంచాలి. గొట్టం బొబ్బిలికి ఇవ్వాలి, ఫిరంగి దెబ్బ రుచి తెలిసిన ఊరు. చక్రాలు రాజాంకి, బోల్టులు ఆమదాలవలసకి. పైన కప్పే గుడ్డ పొందూరు ఖద్దరే ఉండాలి, సన్నగా ఉంటే కావలివాడికి గాలి తగులుతుంది. పలాసకి పనేమీ మిగల్లేదు కనుక సిపాయిలకు జీడిపప్పు. ఇది మిలిటరీ అవసరమని నిరూపించే పని కమిటీకి వదిలేద్దాం. ఆ కమిటీ ఆఫీసు విజయనగరంలోనా, శ్రీకాకుళంలోనా అన్న దాని మీద ఇప్పటికే రెండు ధర్నాలకు సరిపడా కోపం ఉంది.

ఆర్మీలో చేసి రిటైరైన మా బాబాయి ఇదంతా విని, "బాగానే ఉంది గానీ, ఇంతకీ అది పేల్తాదేటి?" అన్నాడు.

"అది కేంద్రం చూసుకోవాలి బాబాయ్. మనది విడిభాగాల వరకే."