మందు రాసేదీ ఆయనే, అమ్మేదీ ఆయనే

వరికి సుడిదోమ పట్టిందంటే చాలు, మళ్లీ అదే పాట: వాతావరణం మారిపోయింది, కొత్త మందులు రావాలి. నాకైతే అసలు తెగులు ఊళ్లో మందుల షాపు కౌంటర్ దగ్గరే కనిపిస్తోంది.

ఎండిన వరి దుబ్బు ఒకటి పాలిథిన్ కవర్లో పెట్టుకుని రైతు వస్తాడు. షాపాయన దాన్ని బయటికి కూడా తీయడు, కవర్ పైనుంచే చూసి మూడు డబ్బాలు ముందు పెడతాడు. ఒకటి పురుగుకట, ఒకటి తెగులుకట, ఇంకోటి పైరు పచ్చబడటానికట! మూడూ ఒకే ట్యాంకులో కలిపి కొట్టమంటాడు.

సుడిదోమ మీద సింథటిక్ పైరిథ్రాయిడ్లనే రకం పురుగుమందులు కొడితే దోమ తగ్గకపోగా పెరుగుతుంది. అది దుబ్బు మొదట్లో కూర్చుని రసం పీలుస్తుంది కాబట్టి పైపైన కొట్టిన మందు దానికి సరిగా తగలదు, దాన్ని తినే సాలీళ్లు, మిరిడ్ నల్లులు మాత్రం చస్తాయి. పైగా యూరియా ఎక్కువేశారా, దోమకు పండగే. రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ, వ్యవసాయ వర్సిటీ ఏళ్లుగా చెబుతూనే ఉన్నాయి: నాట్లప్పుడే ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదలండి, మధ్యమధ్యలో పొలం ఆరబెట్టండి, దుబ్బు తట్టి దోమల్ని లెక్కపెట్టాకే మందు సంగతి చూడండి అని. కానీ కాలిబాటకు ఎమ్మార్పీ ఉండదు, కమీషన్ అంతకన్నా ఉండదు.

'పొద్దుగూకాక రైతుకు తెరిచి కనిపించేది మా షాపే కదా, మీ అధికారులెక్కడ?' అంటారు డీలర్లు. నిజమే. మన హైదరాబాద్‌లోని జాతీయ వ్యవసాయ విస్తరణ శిక్షణ సంస్థ 'మేనేజ్' 2003లోనే వాళ్ల కోసం డిప్లొమా కోర్సు మొదలుపెట్టింది, చదివినవాళ్లూ ఉన్నారు. కానీ ఎంత చదివినా, 'ఈ వారం ఏమీ కొట్టకు' అని చెబితే ఆ రోజు గల్లా ఖాళీయే కదా.

అసలు రైతు ఆ గడప తొక్కేది సగం ఉద్దెర కోసమే. కౌలు రైతుకు పాస్‌బుక్ ఉండదు, బ్యాంకు లోను గగనం, 2018లో వచ్చిన రైతుబంధు కూడా పట్టా ఉన్నవాళ్ల ఖాతాల్లోకే పోయింది. ఉద్దెర ఇచ్చినాయన డబ్బా చేతిలో పెడితే వద్దనే ధైర్యం ఎవరికుంటుంది?

1968 నాటి పురుగుమందుల చట్టాన్నే ఇంకా పట్టుకుని వేలాడుతున్నాం. వ్యవసాయ విస్తరణ అధికారి చీటీ లేనిదే పురుగుమందు అమ్మకూడదని రూలు పెట్టాలి, అదే సీజన్లో కౌలు రైతు చేతికి పంట రుణం అందాలి. చీటీ ఒక్కటే పెట్టి రుణం సంగతి వదిలేస్తే మాత్రం షాపాయనే ఆ చీటీ కూడా తెప్పించి ఇస్తాడు, దాని ఖర్చు ఉద్దెర ఖాతాలో రాసుకుంటాడు.