ఉద్దానంలో నాలుగో పంట

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం అనగానే కొబ్బరి, జీడి, పనస అని చెప్పి ఊరుకునేవాళ్ళు పాత వాచకం దగ్గరే ఆగిపోయినట్టు లెక్క. ఇచ్ఛాపురం నుంచి వజ్రపుకొత్తూరు దాకా, మధ్యలో కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస మండలాల్లో రెండు దశాబ్దాలకు పైగా నాలుగో పంట ఒకటి పండుతోంది. దాని పేరు శాంపిల్. నెత్తురు, మూత్రం, బోరు నీళ్ళు, పొలం మట్టి అని రకాలున్నాయి. విత్తనం కొనక్కర్లేదు, కలుపు తీయక్కర్లేదు, ఏడాది పొడుగునా కాపే. 2013లో ఫైలిన్, 2018 అక్టోబరులో తిత్లీ తుపాన్లు కొబ్బరి చెట్లను వేళ్ళతో సహా పెకలించి పారేశాయి గానీ ఈ పంటకు ఆకు కూడా రాలలేదు. సుస్థిర వ్యవసాయం అంటే ఏమిటో సదస్సుల్లో విడమరచలేక అవస్థ పడుతున్న ఆచార్యులకు ఇంతకన్నా మంచి ఉదాహరణ భూమ్మీద దొరకదని నా మనవి.

ఇక్కడి పెద్దవాళ్ళలో దాదాపు ఐదుగురిలో ఒకరికి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉన్నట్టు సర్వేలు తేల్చాయి. మామూలుగా అయితే ఈ నేరం బీపీ మీదో షుగర్ మీదో పడుతుంది. ఇక్కడ ఆ రెండూ లేనివాళ్ళ కిడ్నీలు కూడా పాడవుతున్నాయి. అందుకని అనుమానితుల జాబితా పెద్దదైంది. నీళ్ళలో సిలికా, భార లోహాలు, పురుగుమందులు, మండుటెండలో నీళ్ళు చాలక చేసే కూలిపని, ఒళ్ళునొప్పులకు మింగే మాత్రలు, చివరికి తాతముత్తాతల జన్యువులు. ఒక్కో అనుమానితుడి వెనక విశ్వవిద్యాలయంలో ఒక్కో శాఖ. శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రంలో, నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు తోటల్లో ఇలాంటి జబ్బే ఉందని తెలిసిన దగ్గర్నుంచి ఈ రంగానికి విమానయోగం కూడా పట్టింది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వచ్చింది, ప్రపంచ ఆరోగ్య సంస్థ వచ్చింది, 2017లో హార్వర్డ్ వైద్యులు విశాఖ దాకా వచ్చారు. కారణం ఒక్కటే రాలేదు.

కారణం దొరక్కపోవడం పరిశోధకుల తప్పు అనడం అన్యాయం. అది నిజంగానే చిక్కుముడి, ఒక్క కారణం కాకపోవచ్చు కూడా. నా ఆశ్చర్యం వేరే చోట. కారణం తెలియలేదని కాగితం మీద ఒప్పుకోవడానికి వాళ్ళకు అభ్యంతరం లేదు. ఆ కాగితంలోని సంగతి నెత్తురిచ్చిన మనిషికి చెప్పడానికే ఎక్కడలేని మొహమాటం.

పలాసలో జీడిపిక్కలు కొట్టే ఒకామె ఉంది. పిక్క జిడ్డుకు వేళ్ళు నల్లగా మాడిపోయి, బయోమెట్రిక్ మిషను ఒక పట్టాన గుర్తుపట్టని చేతులు. ఆమె ఇంటికి సర్వే కుర్రాడు తెల్లారకుండా వచ్చి ఐదు లీటర్ల ప్లాస్టిక్ డబ్బా చేతిలో పెట్టాడు.

"ఇరవై నాలుగ్గంటలూ ఇందులోనే పట్టాలమ్మా. ఒక్కసారి కూడా బయట పోకూడదు."

"మరి పనికెల్లినప్పుడో బావూ? డబ్బా సంకనెట్టుకుని ఎల్లాలేటి?"

"పరిశోధన కదమ్మా."

"సరే, పట్టుకెల్తాను. అందులో ఏటి తేలిందో మల్లీ వొచ్చి సెప్తారా?"

కుర్రాడు ట్యాబ్ అటూ ఇటూ జరిపి చూశాడు. ఆ ప్రశ్నకు గడి లేదు. ఇంటి గోడ ఇటుకదా మట్టిదా, వంట గ్యాసు మీదా కట్టెల మీదా, పొగ తాగుతారా, తాగితే నిప్పున్న కొస నోట్లో పెట్టుకునే అడ్డపొగా మామూలుదా, అన్నిటికీ గడులున్నాయి. వేలిముద్ర వేయించుకుని వెళ్ళిపోయాడు. ఆ వేలు మిషనుకు పనికిరాదు గానీ అనుమతి పత్రానికి భేషుగ్గా పనికొచ్చింది.

నీతి లేదని ఎవరూ అనడానికి వీల్లేదు. ఐసీఎంఆర్ 2017లో అచ్చేసిన జాతీయ నైతిక మార్గదర్శకాలు అక్షరాలా చెబుతున్నాయి: పరిశోధన వల్ల వచ్చే మేలు, అందులో పాల్గొన్న ప్రజలకు కూడా చేరాలని. మేలు చేరుతూనే ఉంది. ముందు వ్యాసం రాసినవారికి, తర్వాత ఆ వ్యాసాన్ని ఉదహరించినవారికి, ఆ పైన వాళ్ళ పదోన్నతికి. వరసలో ఉద్దానం కాస్త వెనగ్గా నిలబడింది, అంతే. క్యూ అన్నాక ఓపిక ఉండాలి.

ఇక వ్యవసాయం సంగతి. రాష్ట్రంలోని 60 లక్షల మంది రైతులనూ 2024 నాటికి ప్రకృతి సేద్యంలోకి తెస్తామని 2018లో ప్రకటించారు. గడువు వచ్చింది, దణ్ణం పెట్టి పక్కనుంచి వెళ్ళిపోయింది. ఆలోచన మంచిదే, ఆవు పేడ, మూత్రం పులియబెట్టి చేసే జీవామృతంతో పంట తీస్తున్నవాళ్ళు మన జిల్లాలోనూ ఉన్నారు. కాకపోతే ఒక ఆర్థిక సూత్రం నాకు కొరుకుడుపడలేదు. జీవామృతంలోకి వెళ్ళే ఆవు మూత్రానికి సీసా, లేబులు, ధర ఉన్నాయి. ఖండాంతరాలు దాటే పరిశోధనలోకి వెళ్ళే మనిషి మూత్రం మాత్రం ఉచితం. పాడి పశువుకు దొరికిన మద్దతు ధర కిడ్నీ రోగికి ఎందుకు దొరకలేదో వ్యవసాయ ఆర్థికవేత్తలు తేల్చాలి.

శ్రీలంకవాళ్ళు మనకన్నా దూకుడు. కిడ్నీ జబ్బును కూడా ఒక కారణంగా చూపించి 2021లో రసాయన ఎరువుల దిగుమతిని ఒక్క దెబ్బతో ఆపేశారు. వరి దిగుబడి కూలింది, తేయాకు కూలింది, నవంబరుకల్లా నిషేధం వెనక్కి తీసుకున్నారు. మన పద్ధతి నిదానం. ఇక్కడ రాష్ట్రం జీవామృతం డ్రమ్ము ఇస్తుంది, కేంద్రం సబ్సిడీ యూరియా పంపుతుంది. రైతు ఒక చేత్తో డ్రమ్ము కలుపుతూ ఇంకో చేత్తో 45 కిలోల బస్తా కోసం పాసుపుస్తకం పట్టుకుని క్యూలో ఉంటాడు. సహకార సమాఖ్య అంటే ఇదే గాబోలు.

సమాఖ్య అన్నాను కాబట్టి అసలు విషయంలోకి వస్తాను. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో ప్రజారోగ్యం రాష్ట్రాలది, వ్యవసాయం రాష్ట్రాలది, నీళ్ళు రాష్ట్రాలవి. కానీ పొలంలో కొట్టే పురుగుమందుకు చట్టం కేంద్రానిది, 1968 నాటిది. మందు రిజిస్ట్రేషను ఫరీదాబాదులోని కేంద్ర కార్యాలయంలో. ఫలానా మందు ప్రమాదమని అనిపిస్తే రాష్ట్రం తనంతట తాను ఆపగలిగేది కొన్నాళ్ళే, ఆ తర్వాత ఢిల్లీ వైపు చూడాలి. అంటే మందు పొలంలో పడేదాకా కేంద్రానిది, అక్కణ్ణుంచి ఇంకి బోరులోకి దిగితే రాష్ట్రానిది, గ్లాసులోకి వస్తే పంచాయతీది, కిడ్నీలోకి చేరాక కుటుంబానిది. ఇంత స్పష్టమైన అధికార విభజన వేరే దేశంలో ఉందేమో రాజనీతి శాస్త్రంవాళ్ళు వెతకాలి.

ఈ అయోమయం పోవాలంటే ఒక చిన్న రాజ్యాంగ సవరణ చాలు. ఎడమ కిడ్నీని కేంద్ర జాబితాలో, కుడి కిడ్నీని రాష్ట్ర జాబితాలో, మూత్రాశయాన్ని ఉమ్మడి జాబితాలో చేర్చేయాలి. 2016లో మొదలైన ప్రధానమంత్రి జాతీయ డయాలసిస్ పథకం ఎడమవైపు నడుస్తుంది, డయాలసిస్ రోగులకు రాష్ట్రమిచ్చే పింఛను కుడివైపు నడుస్తుంది. మిషను మీద ఎవరి బొమ్మ అతికించాలన్న పేచీ ఉండదు.

అప్పటికీ తగాదా వస్తే 262వ అధికరణం ఉండనే ఉంది. కిడ్నీ పనంతా నీళ్ళతోనే కాబట్టి దీన్ని అంతర్రాష్ట్ర జల వివాదం కిందకు తేవచ్చు. మనకు అనుభవం తక్కువేమీ కాదు. వంశధార ఒడిశాలో పుట్టి మన జిల్లాలో సముద్రంలో కలుస్తుంది. చెరి సగం అని 1962లోనే రెండు రాష్ట్రాలూ ఒప్పుకున్నాయి. ఆ చెరి సగాన్ని అమలు చేయలేక కొట్టుకుని, 2010లో ట్రిబ్యునల్ వేయించుకుని, 115 టీఎంసీలు చెరి సగమే అని 2017లో మళ్ళీ చెప్పించుకున్నాయి. యాభై అయిదేళ్ళు తిరిగి సగం దగ్గరికే వచ్చాం. వంశధార మీద మనం కడతామన్న నేరడి బ్యారేజీకి ట్రిబ్యునల్ ఒప్పుకుంది, ఒడిశా సుప్రీంకోర్టుకు వెళ్ళింది. కిడ్నీ పాడయ్యేకొద్దీ నెత్తురులో పెరిగే క్రియాటినిన్‌కు స్టే ఆర్డరు వర్తించదన్న సంగతి ఏ వకీలూ గుర్తుచేసినట్టు లేదు. ఈలోపు ఇచ్ఛాపురం రోగి ఏ సరిహద్దునూ పట్టించుకోకుండా బరంపురం బస్సెక్కి ఒడిశా ఆసుపత్రిలో చూపించుకుని సాయంత్రానికి ఇంటికొస్తున్నాడు. సమాఖ్య స్ఫూర్తి ఆ బస్సులో ఉన్నంత ఢిల్లీలో లేదు.

చెప్పుకోవాల్సిన మంచి కూడా ఒకటుంది. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. హిరమండలం రిజర్వాయరు నుంచి గొట్టాల్లో ఉద్దానానికి మంచినీళ్ళు తెచ్చే 700 కోట్ల రూపాయల పథకం కూడా ఆ రోజే ప్రారంభించారు. కారణం తేలకుండానే కుళాయి బిగించడం శాస్త్రీయ దృక్పథానికి ఎంత విఘాతమో ఆలోచించండి. రేపు అన్ని ఊళ్ళకూ మంచి నీళ్ళు అంది జబ్బు తగ్గుముఖం పడితే శాంపిళ్ళ గతేమిటి? వాటినే నమ్ముకున్న ప్రాజెక్టుల గతేమిటి? కొన్నిచోట్ల కుళాయి ఉండి నీళ్ళు రాకపోవడం ఒక్కటే పరిశోధకులకు ఊరట.

అందుకని పంట పండించేవాళ్ళు కూడా తమ జాగ్రత్తలో తాముండాలి. పంచాయతీకొక నైతిక సంఘం పెట్టమని నా సలహా. రచ్చబండ మీద కూర్చునే పెద్దాయన అధ్యక్షుడు, జీడిపిక్కలు కొట్టే మన డబ్బా ఆమె కార్యదర్శి. ఊళ్ళోకి వచ్చిన ప్రతి పరిశోధకుడూ డబ్బా తెరిచే ముందు ఈ పత్రం నింపాలి. ముసాయిదా నేనే రాసిపెట్టాను.

మీ కన్నా ముందు ఇదే పని మీద వచ్చినవాళ్ళు ఏం తేల్చారో చదివారా? చదివితే, మాకు అర్థమయ్యే భాషలో రెండు ముక్కల్లో చెప్పండి. మా నెత్తురు ఏ ఊళ్ళో, ఎవరి ఫ్రిజ్‌లో ఉంటుంది? కరెంటు పోతే ఎవరు చూస్తారు? పరిశోధన మొదలెట్టిన దగ్గర్నుంచి మీలో పదోన్నతి లక్షణాలు ఏమైనా కనిపించాయా? కనిపిస్తే ఎన్నాళ్ళుగా? మా ఫలితం మా చేతికి ఎప్పుడిస్తారు? వారంలో అయితే 1, వ్యాసం అచ్చయ్యాక అయితే 2, గ్రాంటు పొడిగించాక అయితే 3, తెలియకపోతే 99 వేయండి.

99 వేసినవాళ్ళు సూదులు, సీసాలు సంచిలోనే ఉంచుకోవాలి. చెట్టు కింద కూర్చుని కొబ్బరిబొండం తాగి వెళ్ళవచ్చు. బొండం డబ్బులు కార్యదర్శికి ఇవ్వాలి.