మిగిలిన పని మాయం చేయు విధానం

కట్టడాల్లో అన్నిటికన్నా ఎక్కువ కాలం నిలిచేది కాంక్రీటు అని ఇంజనీర్లు ఇంకా నమ్ముతున్నారు. స్నాగ్ లిస్టు, అంటే కట్టడం చివర్లో మిగిలిపోయిన పనులూ లోపాల జాబితా, అంతకన్నా నిలుస్తుంది. ఏనుగు వెళ్లి తోక చిక్కిందంటారే, ఆ తోకకు గళ్లు గీసి, నంబర్లు వేసి, ఎవరు లాగాలో ఎదురుగా రాసిపెట్టే కాగితమది. పంచ్ లిస్టని కూడా అంటారు. పేరేదైనా లాగాల్సినవాడు రేపొస్తాడు.

కాంట్రాక్టులు రాసే పెద్దలు ఈ సంగతి ఏనాడో గ్రహించారు. ఫిడిక్ అనే కన్సల్టింగ్ ఇంజనీర్ల అంతర్జాతీయ సమాఖ్య 1999 నాటి నమూనా కాంట్రాక్టులో 10.1 క్లాజు ఉంది. వాడకానికి పెద్దగా అడ్డురాని చిన్నాచితకా పనులు మిగిలినా సరే, కట్టడాన్ని స్వాధీనం చేసుకోవచ్చంటుంది. ఎంత విశాల హృదయం! లిఫ్టు కదలకపోవడం కాంట్రాక్టరు దృష్టిలో చిన్నాచితకా. స్విచ్చు ప్లేటు మీద రంగు చుక్క యజమాని దృష్టిలో మహాపరాధం. ఇక కాంట్రాక్టరు బిల్లుల్లోంచి పట్టి ఉంచిన రిటెన్షన్ సొమ్ములో సగం స్వాధీన పత్రం రాగానే ఇచ్చేయాలి, మిగతా సగం లోపాలు దిద్దాల్సిన గడువు తీరాక. మొదటి సగం అందిన మర్నాటి నుంచి మేస్త్రీ ఫోను ఎందుకు కలవదో శాస్త్రజ్ఞులు ఇంతవరకు తేల్చలేదు.

ఒక ఐటమ్‌ను దగ్గర్నుంచి చూద్దాం. "బాత్‌రూమ్ నేల వాటం సరిచేయాలి." నీళ్లు బయటికి పంపే ట్రాప్ వైపు పోవడం మానేసి తలుపు వైపు పోతున్నాయి. ప్లంబరు వచ్చి, నా ట్రాప్ బ్రహ్మాండంగా ఉంది, టైల్స్ మేస్త్రీని పిలవండి అంటాడు. టైల్స్ మేస్త్రీ నాలుగు పలకలు లేపుతాడు. అడుగున వాటర్‌ప్రూఫింగ్ పొర చిరుగుతుంది. అది ఎవరి ఖాతాలోదో ఎవరికీ గుర్తులేదు. కొత్త పలకల రంగు పాతవాటితో కలవదు. వాటిని మోసుకొస్తుంటే తలుపు చట్రానికి గీత పడుతుంది. ఆ గీతకు లప్పం పెట్టిన పెయింటరు లైటు వేసి చూసుకుంటాడు, స్విచ్చు మీద అయిదు వేళ్లూ అచ్చుపడతాయి. సాయంత్రానికి ఒక ఐటమ్ అయిదైంది, నీళ్లు మాత్రం తలుపు వైపే. తిలాపాపం తలా పిడికెడు. గిట్టనివాళ్లు దీన్ని సమన్వయ లోపం అంటారు. ఉపాధి కల్పన అనడమే మర్యాద.

అసలు ప్రతిభంతా స్టేటస్ గడిలో ఉంది. సరిచేసినవాడొకడు, తనిఖీ చేసి 'క్లోజ్‌డ్' అని రాసేవాడు వేరొకడు ఉండాలని పాత నియమం. మనుషుల మీద ఇంత అనుమానం పనికిరాదు. చేయి తిరిగిన సైట్ ఇంజనీరు రెండు కుర్చీల్లోనూ తానే కూర్చుంటాడు. సాక్ష్యంగా ఫోటో జతచేస్తాడు. పగులుంటే అది కనబడని కోణంలో, వాటం తప్పుంటే నేల పొడిగా ఉన్నప్పుడు తీస్తాడు. పొడి నేల మీద ఏ వాటమైనా సరైన వాటమే.

ఈ కిటుకు తెలియక నష్టపోయిన పెద్దలున్నారు. బెర్లిన్ బ్రాండెన్‌బర్గ్ విమానాశ్రయాన్ని 2012 జూన్ 3న తెరుస్తామని చాటారు. నెల రోజులైనా లేదనగా, మే 8న, వాయిదా వేశారు. మంటలంటుకుంటే పొగను బయటికి పంపే ఏర్పాటుతో సహా అగ్ని భద్రత వ్యవస్థ సిద్ధంగా లేదట. చివరికి తెరిచింది 2020 అక్టోబర్ 31న. ఎనిమిదేళ్లు! పొగ లేనప్పుడు ఒక ఫోటో తీసి జతచేసి ఉంటే పోయేది.

ఛాందసులు ఎక్కడైనా ఉంటారు. గోడ మూసే ముందే పైపులు పరీక్షించండి, పలక పరిచే ముందే వాటం చూడండి, ఏ అంతస్తు లోపాలు ఆ అంతస్తు దాటకముందే దిద్దుకోండి, చివర్లో జాబితా వేలెడంత కూడా ఉండదు అని వాదిస్తారు. మరి ప్రతి సోమవారం జరిగే సమీక్షలో ఏం మాట్లాడుకోవాలో చెప్పరు. ఇంకో వర్గం మరీ ప్రమాదకరం. 'క్లోజ్‌డ్' అని సంతకం పెట్టబోయేవాడు ముందుగా ఆ బాత్‌రూమ్‌లో రెండు బకెట్ల నీళ్లు కుమ్మరించి, చెప్పులు విడిచి, తలుపు దగ్గర నిలబడాలట. ఇంత అమానుషమైన షరతు పెడితే లోకంలో ఒక్క కట్టడమైనా పూర్తయినట్టు సంతకం పెట్టే నాథుడుంటాడా?