చేతిపని ఖాళీ టైమ్ వ్యవహారం కాదు
అల్లికలూ పాటలూ ఇంట్లో ఆడవాళ్ల కాలక్షేపం, విశ్వాసం మాత్రం ఆదివారం చర్చిలో కనిపించేది అని ఒక వ్యాసంలో చదివాను. ఈ మాట నేను ఒప్పుకోను. మాది జమ్మలమడుగు. సాయంత్రం పనులయ్యాక మా అక్కా నేనూ వరండాలో లేసు అల్లుతూ కీర్తనలు పాడుకుంటాం. మా అమ్మ వాడిన పాత కీర్తనల పుస్తకంలో ప్రతి కీర్తన మీదా రాగం, తాళం అచ్చేసి ఉంటాయి. ఎనిమిది దెబ్బలు సమంగా పడే ఆది తాళం అయితే అక్క సూది పాటతోపాటే నడుస్తుంది. దెబ్బలు ఎగుడుదిగుడుగా పడే చాపు తాళం వస్తే అల్లిక ఒళ్లో పెట్టి చేత్తో తాళం వేస్తుంది, నేను అందుకోవాలి. అసలు నరసాపురం లేసు మన తెలుగు ఆడవాళ్ల చేతికి వచ్చిందే 19వ శతాబ్దపు మిషనరీల ద్వారా. బైబిల్లో దొర్కా అనే శిష్యురాలి సంగతి చూడండి. అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయంలో ఆమె చనిపోతే విధవరాళ్లు ఏడుస్తూ యేసు శిష్యుడైన పేతురుకు చూపించింది ఆమె కుట్టిన అంగీలే కదా! మా వీధిలో ఎవరింట్లో బిడ్డ పుట్టినా, వాళ్లు ఏ మతంవాళ్లైనా, అక్క ఊలు టోపీ అల్లి తీసుకెళ్తుంది. తల్లి అడిగితే ఆ బిడ్డ కోసం అక్కడే ప్రార్థన కూడా చేసి వస్తుంది.