జాకీ పెట్టి లేపిన బండి

మన భాషలో జాకీ అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. మొదటిది కారు డిక్కీలో స్పేర్ టైరు పక్కన పాత గుడ్డలో చుట్టి పడి ఉండే ఇనుప పనిముట్టు. రెండవది తనంతట తాను పైకి రాలేని మనిషిని పదిమంది చేరి పైకెత్తే ప్రయత్నం. ఎన్ని జాకీలు పెట్టి లేపినా లేవని వారిని మనం రోజూ చూస్తూనే ఉన్నాము. గత ఆదివారం ఉదయం విద్యానగర్‌లోని మా అపార్ట్‌మెంటు పార్కింగులో నేను మొదటి రకం జాకీతో మోటారు సైకిలును లేపబోయి, చివరకు రెండవ రకం జాకీ అవసరమైన స్థితికి చేరుకున్నాను.

కారణం చెయిన్. వానల్లో తడిసి, దుమ్ము పట్టి, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ సిగ్నల్ దగ్గర బండి కదిలిన ప్రతిసారీ అది పెట్టే కిర్రుమనే చప్పుడుకు పక్క ఆటోలోని ప్రయాణికులు సైతం తల బయటపెట్టి జాలిగా చూడసాగారు. చెయిన్ శుభ్రం చేయాలంటే వెనుక చక్రం గాలిలో తిరగాలి. మా బండికి సైడ్ స్టాండ్ తప్ప డబుల్ స్టాండ్ లేదు. చక్రాన్ని వెనుక నుంచి ఎత్తిపట్టే పాడక్ స్టాండ్ కోసం రాణిగంజ్ దాకా వెళ్ళి డబ్బు పోయడం దేనికని, శనివారం మా ఇంటికి భోజనానికి వచ్చిన మా బావమరిది కారులోంచి జాకీని తీసి ఉంచుకున్నాను. అతనికి చెప్పాననే అనుకుంటున్నాను. చెప్పే సమయానికి అతను పెరుగన్నంలో ఉన్నాడు.

నా లెక్క తిరుగులేనిది. జాకీ మీద 1000 కిలోలని చెక్కి ఉంది. బండి బరువు పుస్తకం ప్రకారం 181 కిలోలు. అంటే ఆ జాకీ ఇలాంటి బండ్లను ఐదింటిని ఒకేసారి మోయగలదు. ఇందులో నేను వదిలేసిన విషయం ఒక్కటే. కారును ఒక మూల ఎత్తినప్పుడు మిగిలిన మూడు చక్రాలు నేలను పట్టుకొని ఉంటాయి కాబట్టి జాకీ పని కేవలం మోయడమే. మోటారు సైకిలుకు ఉన్నవే రెండు చక్రాలు, అందులో ఒకదాన్ని నేనే నేల మీద లేకుండా చేయబోతున్నాను.

జాకీని ఎక్కడ ఆనించాలన్న ప్రశ్న మొదట వచ్చింది. సైలెన్సర్ గొట్టం కింద పెడితే గొట్టం వంగుతుంది. ఇంజిన్ అడుగున పెడదామంటే అక్కడ ఆయిల్ తీసే బోల్టు ఉంది, పైగా అది పలుచని అల్యూమినియం. చాలాసేపు బోర్లా పడుకొని వెతికాక కుడివైపున ఫ్రేము పైపు కనిపించింది. కారు అంచుకు సరిపోయేలా గాడి తీసిన జాకీ తల మీద ఆ గుండ్రని పైపు, కత్తిపీట మీద సొరకాయ ఆనినట్టు ఆనింది. మధ్యలో ఒక చెక్క పెట్టాలన్న ఆలోచన నాకు రాలేదు. బండి ముందుకు కదలకుండా ఫస్ట్ గేరులో వేశాను, వేసినందుకు నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. గేరు పట్టి ఉంచేది వెనుక చక్రాన్ని మాత్రమేనని, ఆ చక్రం నేలను వదిలిన క్షణాన గేరుకూ భూమికీ ఏ సంబంధమూ ఉండదని ఆ చక్రం నేలను వదిలిన క్షణానే తెలిసింది.

బండి జానెడు ముందుకు జరిగింది. ముందుకు జరిగితే సైడ్ స్టాండ్ ముడుచుకుంటుంది, ముడుచుకుంది. జాకీ కింద ఉన్న పార్కింగ్ టైలు టక్కుమని విరిగి ఒక పక్కకు కుంగింది. పాలసముద్రాన్ని చిలికేటప్పుడు అడుగున ఆధారం లేక మందర పర్వతం మునిగిపోతే విష్ణుమూర్తి కూర్మమై వచ్చి వీపు పట్టిన కథ చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాను గాని, జాకీ కింద వేసే వెడల్పాటి చెక్కే ఆ కూర్మమని ఎవరూ చెప్పలేదు. బండి నా మీదికి ఒరిగింది. నేను లేచి, ఎడమ చేత్తో వెనుక పట్టుకునే కడ్డీని, కుడి చేత్తో హ్యాండిల్‌ను పట్టుకొని, సీటుకు ఛాతీ ఆనించి నిలబడ్డాను. సైడ్ స్టాండ్ అవతలి వైపున ఉంది. జాకీ తిప్పే రాడ్డు జారి పక్క ఫ్లాటు వారి కారు కిందికి దొర్లిపోయింది. వదిలితే బండి పడుతుంది, వదలకపోతే నేను అక్కడే ఉంటాను.

ఒక్క కేక వేస్తే సరిపోయేది. అయితే ముందురోజు సాయంత్రమే లిఫ్టులో నలుగురి ఎదుట, మెకానిక్కుల మీద ఆధారపడే జాతి ఎన్నటికీ బాగుపడదని ఉపన్యాసం ఇచ్చి ఉన్నాను.

మొదట అసోసియేషన్ సెక్రటరీగారు వచ్చారు. “ఏమండీ, బండి కడుగుతున్నారా?” అని అడిగారు. “ఊరికే, చూస్తున్నానండీ” అన్నాను. నేల మీద ఆయిల్ మరకలు పడకుండా చూసుకోమని చెప్పి, నా పాదం కింద దాచిన టైలును గమనించకుండా వెళ్ళిపోయారు. తరువాత రెండో అంతస్తులోని రిటైర్డ్ ఇంజనీరుగారు ఆగి, పరిస్థితిని ఒక్క చూపులో గ్రహించి, గురుత్వ కేంద్రం ఆధారాల నడుమ నుంచి బయటికి వస్తే ఏ వస్తువైనా పడిపోతుందని ఐదు నిమిషాలు వివరించారు. ఆధారాలు మూడుండాలట, నాకు ఒకటిన్నర ఉన్నాయట. ఆ రాడ్డు కాస్త అందించమని అడుగుదామనుకునేలోగా ఆయనే తన మోకాళ్ళు వంగవని చెప్పారు. పైనుంచి మా ఆవిడ ఉప్మా చల్లారిపోతోందని మూడుసార్లు పిలిచింది, మూడుసార్లూ వస్తున్నానన్నాను.

ఈలోగా చొక్కా జేబులోని ఫోను మోగడం మొదలుపెట్టింది. క్రికెట్ బ్యాటుతో వచ్చిన కింది ఫ్లాటు పిల్లవాడు మునివేళ్ళ మీద లేచి జేబులోకి తొంగిచూసి, “అంకుల్, బామ్మర్ది అని వస్తోంది, ఎత్తి మాట్లాడనా?” అన్నాడు. “వద్దు నాన్నా, నువ్వు బండికి దూరంగా ఉండు” అన్నాను. ఫోను ఆగి, మళ్ళీ మోగింది.

అరగంట తరువాత వాచ్‌మన్ పాలప్యాకెట్లతో వచ్చి, ప్యాకెట్లు కింద పెట్టి, “ఏంది సారూ, దసర గూడ గాదు, బండికి అలయ్ బలయ్ ఇస్తున్నరు?” అన్నాడు. జవాబు కోసం ఆగకుండా కారు కిందికి దూరి రాడ్డు తెచ్చి, జాకీని మెల్లగా దించి, అవతలికి వెళ్ళి కాలితో సైడ్ స్టాండ్ వేశాడు. నా చేతులు విడిపోవడానికి మరికొంత సమయం పట్టింది.

అంతటితో ఆగితే బాగుండేది గాని, చక్రం గాలిలో తిరగడం చూడాలన్న కోరిక నాలో ఇంకా చావలేదు. వాచ్‌మన్ ఒప్పుకొని, ముందు బ్రేకు లివరును పాత సైకిల్ ట్యూబు ముక్కతో హ్యాండిల్‌కు బిగించి కట్టాడు. జాకీని కుంగని చోటికి మార్చి, దాని కింద ఒక సెంట్రింగ్ చెక్క, తల మీద మరొక చిన్న చెక్క పెట్టాడు. బండిని సైడ్ స్టాండ్ మీదే ఒరగనిచ్చి, కుడివైపు నుంచి చక్రం కింద వేలు దూరేంత మాత్రమే లేపాడు. ముందు చక్రం, స్టాండ్, జాకీ కలిసి ఇంజనీరుగారి మూడు ఆధారాలయ్యాయి. ఇంజిన్ స్టార్ట్ చేసి తిప్పితే త్వరగా అవుతుంది కదా అన్నాను. చెయిన్‌కూ పళ్ళ చక్రానికీ మధ్య వేలు పడితే వేలు ఉండదని చెప్పి, గేరును న్యూట్రల్‌కు తెచ్చి, తాళంచెవిని తన జేబులో వేసుకున్నాడు. చక్రాన్ని చేత్తో తిప్పుతూ, కిరసనాయిలు, పాత టూత్‌బ్రష్షుతో చెయిన్ కడిగి, తుడిచి, ఆయిల్ పెట్టే వరకు ఇద్దరికీ పావుగంట పట్టింది.

చేతులు తుడుచుకుంటూ వాచ్‌మన్ ఆలోచనలో పడ్డాడు. “సారూ, చెయిన్‌కు నూనె వెట్టనీకె బండి లేపుడెందుకు? న్యూట్రల్‌ల ఏసి, మూరెడు ముందటికి నూకి, కనవడ్డ కాడికి వెట్టి, మల్ల నూకితె అయిపోవు గద” అన్నాడు. ఆ మాట ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను. “మీరు లేపాలె అన్నరు గద, లేపిన” అన్నాడు.

అప్పుడు ఫోను తీసి చూశాను. బావమరిది నుంచి తొమ్మిది మిస్డ్ కాల్స్, వాటి కింద ఒక మెసేజి: “బావా, శంషాబాద్ రోడ్డు మీద టైరు పంచర్ అయింది. డిక్కీలో జాకీ లేదు. నీకేమైనా తెలుసా?”