రోబో టీచర్ గారి ప్రారంభోత్సవం

తరగతి గదిలో బోధన మెరుగుపడిపోయిందని ప్రకటించడానికి సంతోషిస్తున్నాను. రుజువులు కావాలా? రోబో టీచర్ వచ్చింది. రిబ్బన్ కత్తిరించారు. ఫొటోలో అందరూ పడ్డారు. పిల్లలకు చదవడం వచ్చిందా అంటారు, అంతేగా? ఇలాంటి వంకర ప్రశ్నలు వేసేవాళ్ల వల్లే విద్యారంగం ఇలా తగలడింది.

అలాంటి ప్రారంభోత్సవం ఒకటి చూసే భాగ్యం నాకూ దక్కింది. ప్రశ్నలు, జవాబులు అన్నీ ముందే రిహార్సల్ చేసి పెట్టారు. మొదట ఒక పిల్లవాడు "ఈ రోజు మన బడికి ఎవరొచ్చారు?" అని అడగాలి. తర్వాత ఒక అమ్మాయి "భూమి చుట్టూ తిరిగేది ఏది?" అనాలి. రోబో కళ్లలో నీలం లైట్లు వెలిగించుకుని, మెడ అటూ ఇటూ తిప్పి జవాబు చెప్పాలి. తీరా మైకు చేతికిచ్చాక పిల్లవాడికి నోరు పెగల్లేదు. వాడి టెన్షన్ చూడలేక అమ్మాయే ముందు అడిగేసింది.

"భూమి చుట్టూ తిరిగేది ఏది?"

"గౌరవనీయులైన మన ముఖ్య అతిథి గారు."

చప్పట్లు. అతిథి గారు లేచి చెయ్యి కూడా ఊపారు. ఈలోగా తేరుకున్న పిల్లవాడు తన డ్యూటీ పూర్తి చేశాడు. "ఈ రోజు మన బడికి ఎవరొచ్చారు?"

"చంద్రుడు. సొంత వెలుగు లేదు."

ఈసారి చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి. ఆ ఊపులో అతిథి గారే మైకు అందుకుని రోబోను కుశల ప్రశ్న అడిగారు. "మీ మాట అర్థం కాలేదు, స్పష్టంగా చెప్పండి" అంది. ఆయన గొంతు పెంచి మళ్లీ అడిగారు. మళ్లీ అదే జవాబు. మూడోసారి ఆయన దాని చెవి ఎక్కడుందో వెతుక్కుని, అందులోకి అరిచారు. రోబో మెడ తిప్పి "పిల్లలూ, నిశ్శబ్దం!" అంది. ఆయన కూర్చున్నారు. ఆ రోజు అది నేర్పిన పాఠం ఏదైనా ఉంటే అదొక్కటే.

తెర పక్కన ఒక టీచరమ్మ టాబ్లెట్ పట్టుకుని నిలబడి ఉన్నారు. ఏ బటన్‌కు ఏ జవాబో అరచేతిలో పెన్నుతో రాసుకున్నారు, చెమటకు సగం చెరిగిపోయింది. పొద్దున్నుంచి ఆవిడ క్లాసుకు పాఠం లేదు. బోధన మెరుగుపరచడంలో బిజీగా ఉన్నారు మరి!

ఈ విద్యకు ఘనమైన చరిత్రే ఉంది లెండి. 2009లో టోక్యోలోని ఒక ప్రాథమిక పాఠశాలలో సాయా అనే రోబో టీచర్‌ను పెట్టి చూశారు. హాజరు పిలుస్తుంది, సైలెన్స్ అంటుంది, ముఖంలో కోపం, ఆశ్చర్యం లాంటి ఆరు భావాలు పలికిస్తుంది. టీచర్ ఉద్యోగమంటే ఇంతేననుకునేవాళ్లకు ఇంకేం కావాలి? నడిపింది మాత్రం రిమోట్ పట్టుకున్న మనిషే.

ఆ మరుసటి ఏడాది దక్షిణ కొరియాలోని దేగు నగరం ఇంకో అడుగు ముందుకేసింది. ప్రాథమిక పాఠశాలల్లో ఇంగ్లిష్ నేర్పడానికి ఎంగ్‌కీ అనే రోబోలను 29 దించింది. లోపల మాట్లాడేది ఎక్కడో ఫిలిప్పీన్స్‌లో కూర్చున్న టీచర్లు. వాళ్లయితే చవగ్గా దొరుకుతారు కదా. రోబో ముఖం స్థానంలో మాత్రం ఒక తెల్లజాతి స్త్రీ బొమ్మ. అక్కడ టీచర్ నవ్వితే కెమెరా పసిగట్టి ఇక్కడ బొమ్మను నవ్వించేది. పాఠం ఆవిడది, గొంతు ఆవిడది, చివరికి నవ్వూ ఆవిడదే. ముఖం ఒక్కటే పనికి రాలేదు! సిగ్గనిపించలేదా ఎవరికీ? అర్థం కాకపోయినా తలూపే పిల్లవాణ్ణి, పక్కవాడి నోట్సులో చూసి జవాబు దించుకునే పిల్లను గుర్తుపట్టేది ఆ ముఖమే. దాన్ని దాచిపెట్టి, జీతం దగ్గర బేరమాడి, ఖాళీ పోస్టులు ఏళ్ల తరబడి అలాగే ఉంచి, ఉన్న ఒక్క టీచర్ చేత బటన్లు నొక్కించి, దీన్ని మీరు టెక్నాలజీ అంటారా?

కంప్యూటర్ మీద నాకేం కక్ష లేదు. సీమోర్ పాపర్ట్ అనే గణిత శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1967లో పిల్లల కోసం లోగో అనే కంప్యూటర్ భాష తయారు చేశారు. తర్వాత ఆ భాషలో ఇచ్చే ఆజ్ఞలు విని నేల మీద పాకుతూ గీతలు గీసే తాబేలు రోబో వచ్చింది. దానికి పాఠం చెప్పడం రాదు, పిల్లలే దానికి చెప్పాలి. సమబాహు త్రిభుజం గీయిద్దామని మూలమూలకూ 60 డిగ్రీలు తిప్పితే మూడు గీతలు గీసి, మొదలుపెట్టిన చోటికి రాకుండా ఆగిపోతుంది. తిరగాల్సింది 120 అని పిల్లవాడు తంటాలు పడి, నేల మీద తానే నడిచి చూసుకుని కనుక్కోవాలి. పక్కన జవాబు తెలిసీ చెప్పకుండా ఓపిగ్గా కూర్చునే టీచర్ ఉండాలి. చిక్కంతా అక్కడే వచ్చింది. తాబేలు కొంటే టీచర్‌ను కూడా వెయ్యాలి.