ఎల్‌డీఎఫ్ దొరవారికి ఒక విన్నపం

ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్‌లో జరిగే ప్రతి మార్పునూ రాసిపెట్టుకునే ఎల్‌డీఎఫ్, అంటే మహారాజశ్రీ ట్రాన్సాక్షన్ లాగ్ ఫైలు గారి సముఖమునకు,

చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీ కాటా గది నుంచి నమస్కారాలు.

నిన్న మధ్యాహ్నం తోతాపురి ట్రాక్టర్లు గేటు దాటి రోడ్డు దాకా బారు తీరి ఉండగా, తమరు 9002 అనే ఎర్రర్ (లాగ్ నిండిపోయిందని) తెర మీద పడేసి విశ్రమించారు. తూకం ఎక్కదు, చీటీ రాదు. అసలు డేటా 6 జీబీ. దాని పక్కన తమరు 180 జీబీ. డి డ్రైవులో గోరంత చోటు లేదు.

"రోజూ రాత్రి ఫుల్ బ్యాకప్ తీస్తున్నాం కదా" అంటాడు ప్రతివాడూ. తీస్తారు సామీ. లాగులోని పద్దులను వాటి బ్యాకప్ అయ్యేదాకా దాచి ఉంచే ఫుల్ రికవరీ మోడల్‌లో ఎన్ని ఫుల్ బ్యాకప్‌లు తీసినా తమరు ఖాళీ కారు. తమరికి లాగ్ బ్యాకపే కావాలి. ఇంకా విడ్డూరం ఏమంటే, మోడల్ ఫుల్‌లో పెట్టి ఒక్క ఫుల్ బ్యాకప్ కూడా తీయని సోమరి దగ్గర తమరు బుద్ధిగా ఉంటారు. చెక్‌పాయింట్ (మార్పులను డేటా ఫైలులోకి రాసేసే ఘడియ) పడగానే పాత చోటునే మళ్లీ వాడుకుంటారు. మొదటి బ్యాకప్ తీసిన జాగ్రత్తపరుడి దగ్గరే తమరి ఉబ్బడం మొదలు. బ్యాకప్ తీసినందుకా ఈ శిక్ష?

సరే, లాగ్ బ్యాకప్ తీశాం. లోపల ఖాళీ అయింది, ఫైలు మాత్రం 180 జీబీయే. వడ్లు తీసేసినంత మాత్రాన గరిసె చిన్నదవదు, ఒప్పుకుంటాం. దానికి ఫైలును కుదించే ష్రింక్‌ఫైల్ ఆదేశం వేరే. అదైనా ఒక్క దెబ్బకు లొంగుతారా? వాడకంలో ఉన్న ముక్క ఫైలు చివర తిష్ట వేసి ఉంటే తగ్గరు. మళ్లీ లాగ్ బ్యాకప్, మళ్లీ ష్రింక్.

ఇక నుంచి పద్ధతి ఇదీ. ముందు సిస్.డేటాబేసెస్ అనే జాబితాలో లాగ్_రీయూజ్_వెయిట్_డెస్క్ గడి చూస్తాం, తమరు ఖాళీ కాకుండా దేనికోసం ఆగారో అది చెబుతుంది. లాగ్_బ్యాకప్ అని ఉంటే, బ్యాకప్ వేరే డ్రైవులోకి (నిండిన డ్రైవులోకే తీయబోయే ఘనులూ ఉన్నారు). యాక్టివ్_ట్రాన్సాక్షన్ అని ఉంటే, ఎవరో ముగించకుండా తెరిచిపెట్టి భోజనానికి పోయిన ట్రాన్సాక్షన్‌ను డీబీసీసీ ఓపెన్‌ట్రాన్ ఆదేశంతో పట్టుకోవాలి, లేదంటే వంద బ్యాకప్‌లూ దండగే. తర్వాత ఒకే ఒక్కసారి 4 జీబీకి కుదించి, ఆటోగ్రోత్ (నిండినప్పుడల్లా ఫైలు తనంతట పెరిగే కొలత) శాతాల్లో కాక 256 ఎంబీ చొప్పున పెడతాం. 180 జీబీలో 10 శాతమంటే 18 జీబీ మేర సున్నాలు నింపుతూ కూర్చుంటారు తమరు, అంతసేపూ కాటా ఆగాల్సిందే. అరగంటకో లాగ్ బ్యాకప్, వేళకు తనంతట నడిచే ఏజెంట్ జాబ్‌లో. ఫైళ్లను తనంతట కుదించే ఆటో ష్రింక్ జోలికి పోము, అది డేటా ఫైలును నలిపి ఇండెక్సులను ముక్కలు చేస్తుంది.

"సర్వీసు ఆపి ఎల్‌డీఎఫ్ డిలీట్ కొట్టండి, కొత్తది అదే పుడుతుంది" అని ఫోన్లో సెలవిచ్చిన మహానుభావుడికి వేరే ఉత్తరం రాస్తాం. డేటాబేస్ తెరుచుకోక రికవరీ పెండింగ్‌లో పడితే వచ్చి లేపేది ఆయన కాదు.

నిజానికి లాగ్ బ్యాకప్‌లే అక్కర్లేని సింపుల్ మోడల్‌కు మార్చి నీ పీడ ఈపొద్దే వదిలించుకోవచ్చు. కానీ ఎవడో, ఏ వరుసలు మార్చాలో చెప్పే వేర్ క్లాజ్ లేకుండా అప్‌డేట్ కొట్టి రైతులందరి రేట్లనూ ఒకే అంకె చేస్తే? సింపుల్‌లో రాత్రి బ్యాకపే గతి, పొద్దుటి నుంచి ఎక్కిన తూకాలన్నీ గాలికి. నీ బ్యాకప్‌లుంటే ఫలానా క్షణం దగ్గర ఆపమనే స్టాప్‌ఎట్ పెట్టి, ఆ తప్పుకు నిమిషం ముందుకు వచ్చి నిలబడొచ్చు. అందుకే నిన్ను మేపుతున్నాం రా, కొవ్వినోడా!

ఇట్లు,
డి డ్రైవు తరఫున